గద్దలు లేచే వేళ

దసరా వెళ్లాక సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు కూరగాయల కోసం వెళ్లేవాళ్లు ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఒకసారి తలెత్తి చూడాలి. అప్పటిదాకా చేపల దుకాణాల రేకుల మీద, మేడల పిట్టగోడల మీద, సెల్ టవర్ల మీద కూర్చున్న గద్దలు ఒక్కొక్కటే లేస్తాయి. రెక్క పెద్దగా కొట్టవు. ఎండకు రేకులూ గచ్చూ తారురోడ్డూ వేడెక్కి అక్కడి గాలి పైకి తేలుతుంది. ఆ గాలిని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాత జైలుఖానా కప్పు దాటి స్టేషన్ వైపు ఎక్కిపోతాయి. కాసేపటికి ఒకే సుడిలో, ఒకదాని కింద ఒకటిగా, పదుల కొద్దీ గద్దలు కనిపిస్తాయి.

చేపలమ్మే ఒక పెద్దావిడను "అమ్మా, గద్దలు తెల్లారంగనే ఎందుకు లేవవు?" అని అడిగితే కత్తిపీట మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది: "ఎండ పడ్డంకనే లేస్తయి బిడ్డా. మబ్బు పట్టిన్నాడు గీ రేకులు ఇడ్వయి." పక్షుల పుస్తకాల్లో ఇలా పైకి లేచే వేడిగాలి గురించి, అంటే థర్మల్స్ గురించి, పేజీల కొద్దీ రాస్తారు. ఆవిడ రోజూ చూస్తున్నది అదే.

వేట పక్షులను చూడడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు మొదటి పాఠం ఈ మార్కెట్ మీదే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. జంటనగరాల్లో పక్షులు చూపించే నడకలకు మంచి చరిత్రే ఉంది. 1980లో బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలైన సంఘం ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ అనే బృందం కూడా ఉంది. ఆదివారం చీకటితోనే బయలుదేరి అమీన్‌పూర్ చెరువుకో, గండిపేటకో, మంజీరాకో, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకో వెళ్తారు. అనుభవం ఉన్నవాళ్లు ముందు నడుస్తారు. కొత్తవాళ్లు మెడలో బైనాక్యులర్ వేసుకుని వెనక నడుస్తారు. బాతులకూ కొంగలకూ తెల్లవారుజాము సరిపోతుంది. వేట పక్షులకు మాత్రం ఎండెక్కాకే అసలు వేళ. చాలా నడకలు టిఫిన్ డబ్బాలు విప్పి ముగిసే సమయానికి ఆకాశం తెరుచుకుంటుంది. ఈ కాలంలో నడక పెట్టేవాళ్లు ఇంకో రెండు గంటలు ఉండేలా పెట్టుకుంటే ఎంతో బాగుంటుంది.

ఈ కాలమే ఎందుకంటే, వానలు వెనుదిరిగి మబ్బు విరిగి ఆకాశం కడిగినట్టు ఉంటుంది. పైగా వలస పక్షులు దిగేది ఇప్పుడే. మన పాత పక్షి పట్టికల్లో పిల్లిగద్దలని రాసిన హ్యారియర్లు కజకిస్తాన్, రష్యా గడ్డిమైదానాల నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో దక్కనుకు వస్తాయి. గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలాడించే తొండలగద్ద, అంటే కెస్ట్రెల్, పొలాల మీద కనిపించడం మొదలవుతుంది. పెద్ద చెరువుల మీద కోరమీను గద్ద వస్తుంది. దాని బయటి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది. ముందు రెండు, వెనక రెండు గోళ్లతో పట్టు బిగిస్తే జారే చేప కూడా జారదు.

మంచి గైడ్ పక్షి కనిపించగానే పేరు చెప్పడు. "తోక చూడండి" అంటాడు. "రెక్కలు ఎట్లా పట్టుకుంది? బల్లపరుపుగా ఉన్నాయా, పైకి లేచి ఉన్నాయా?" అని అడుగుతాడు. ఆ పక్షి సుడి వదిలి వెళ్లిపోయేదాకా పేరు ఎత్తని వాళ్లను చూశాను. వాళ్ల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. వేట పక్షుల్లో రంగును నమ్మితే దారి తప్పుతాం. ఒకే జాతిలో మగది బూడిద రంగు, ఆడది గోధుమ రంగు, పిల్లది మరో రకం. కొన్ని జాతుల్లో పెద్దవాటికే ముదురు రంగు, లేత రంగు అని రెండు రకాలుంటాయి. పైగా ఎండకు ఎదురుగా చూస్తే అన్నీ నల్లగానే ఉంటాయి. మిగిలేది ఆకారం, ఎగిరే తీరు. ఈ రెండూ కంటికి పట్టాలంటే ఒక పక్షి పూర్తిగా తెలిసి ఉండాలి. ఆ పక్షి గద్దే.

మోండా మీద తిరిగే మామూలు గద్దను అరగంట చూడండి. తోక చివర చీలిక ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు ఆ తోకను పడవ చుక్కానిలా పక్కకు మెలిపెడుతుంది. తోక పూర్తిగా విప్పితే చీలిక దాదాపు మాయమై అంచు తిన్నగా కనబడుతుంది. కొత్తవాళ్లు దాన్ని వేరే పక్షి అనుకునేది అప్పుడే. తేలేటప్పుడు రెక్కలు కాస్త కిందికి వంగి ఉంటాయి. కింద చేప పేగులు పారేశారని తెలిస్తే రెక్కలు సగం ముడిచి వాలుతుంది. నేలమీద కాలు పెట్టకుండానే గోళ్లతో అందుకుని మళ్లీ లేస్తుంది. ఎగురుతూనే కాలు ముందుకు చాచి, తల వంచి తింటుంది. ఇన్ని తీర్లూ ఇంత దగ్గర నుంచి, ఇంతసేపు చూపించే వేట పక్షి మన ఊళ్లో ఇంకొకటి లేదు.

ఈ గద్ద తెలిశాక మిగతావి దానితో పోల్చుకుంటూ పోవచ్చు. తోక చివర గుండ్రంగా ఉండి తల, రొమ్ము తెల్లగా, ఒళ్లు ఇటుక రంగులో ఉంటే అది గరుడపక్షి. పైన కనిపిస్తే చాలు, చేతులెత్తి మొక్కే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పావురం తలలా చిన్న తల, పొడుగు మెడ, వెడల్పు రెక్కలు ఉంటే అది కందిరీగల, తేనెటీగల తుట్టెలు తవ్వుకుని తినే తేనెగద్ద. నాలుగు దెబ్బలు రెక్క కొట్టి, జారి, మళ్లీ నాలుగు కొడితే జాలెడేగ. అది మన వీధి వేపచెట్ల మీద కూడా ఉంటుంది. పిల్లిగద్ద రెక్కల్ని పైకి ఎత్తిపట్టి గడ్డి మీద కొద్ది అడుగుల ఎత్తున అటూ ఇటూ ఊగుతూ పోతుంది. ఒక్కసారి చూస్తే మరిచిపోలేం.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది బూటెడ్ ఈగిల్. చలికాలపు అతిథి. ఇంచుమించు మన గద్ద అంత ఉంటుంది. గద్దల సుడిలోనే కలిసి తిరుగుతుంది. నగరం మీదుగా వెళ్లినా దాన్ని ఎవరూ పట్టించుకోరు. తోకలో చీలిక ఉండదు, అంచు తిన్నగా ఉంటుంది. లేత రంగుదైతే కింది నుంచి ఒళ్లూ రెక్కల ముందు భాగమూ తెల్లగా, రెక్కల వెనక అంచు నల్లగా కనిపిస్తాయి. ఎదురుగా వస్తున్నప్పుడు మెడకు రెండు పక్కలా, రెక్క మొదట్లో చిన్న తెల్లమచ్చలు మెరుస్తాయి. గద్దను బాగా ఎరిగినవాడే దీన్ని పట్టగలడు. వంద గద్దల్లో ఒకటి తేడాగా తిరుగుతోందని కంటికి ముందే తెలుస్తుంది. ఎందుకు తేడా అన్నది తర్వాత తేలుతుంది. ఆ సంతోషం కోసం అడవికి వెళ్లనక్కర్లేదు.

గద్దల్లోనే చూడాల్సింది ఇంకా ఉంది. చలికాలంలో నల్లచెవి గద్దలని మరో రకం మధ్య ఆసియా నుంచి ఇటు వస్తుంది. ఒళ్లు కాస్త పెద్దది, రెక్కల కింద తెల్లమచ్చ వెడల్పు. ఉత్తరాదిలో ఎక్కువ, దక్కనులోనూ కొన్ని తిరుగుతాయి. ఢిల్లీలో వీటికి ఉపగ్రహ పరికరాలు కట్టి చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. కారకోరం శిఖరాల మధ్య నుంచి, ఆరువేల మీటర్లకు పైఎత్తున దాటి ఇవి ఢిల్లీ చెత్తగుట్టలకు చేరుతున్నాయని తేలింది. చెత్త మీద వాలిందని మనం చీదరించుకునే పక్షి ప్రయాణం అది.

ఈ కాలం సంగతికే వస్తే, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కూడా నిజాం రాజ్యపు పక్షుల సర్వేకు బయలుదేరింది 1931 అక్టోబర్‌లోనే. ఆ ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933, 34లో భాగాలుగా వచ్చాయి. అప్పటి పద్ధతి ప్రకారం తుపాకీతో కొట్టి నమూనాలు తీసుకున్నారు. ఇప్పుడు ఆ అవసరం తీరింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక కొండ మీద శరదృతువులో దాటిపోయే డేగల్ని వినోదానికి కాల్చేవాళ్లు. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ కొండను లీజుకు తీసుకుని కాపలా పెట్టింది. హాక్ మౌంటెన్ అని పేరున్న ఆ కొండకు ఇప్పుడు జనం దాటిపోయే పక్షుల్ని లెక్కపెట్టడానికి వెళ్తారు. మన దేశంలో నాగాలాండ్ పాంగ్తి గ్రామంలో ఇలాగే జరిగింది. 2012లో దోయాంగ్ జలాశయం దగ్గర అమూర్ డేగల్ని వలలు పన్ని వేల సంఖ్యలో పట్టారు. మరుసటి ఏటికే అదే ఊరివాళ్లు వాటికి కాపలా కాశారు. 2013 నవంబర్‌లో మూడు డేగలకు పరికరాలు కట్టి వదిలితే, అవి మన తెలుగు నేల మీదుగా దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికాకు వెళ్లాయి. మన దగ్గర హాక్ మౌంటెన్ లాంటి, పక్షులు ఒక్కచోట చేరి దాటే కొండ లేదు. దక్కను మీద పక్షులు చెదిరిపోయి వెళ్తాయి. అందుకే ఇక్కడ చూపించేవాళ్ల పని ఇంకా కష్టం, వాళ్ల మీద నాకు గౌరవం కూడా ఎక్కువ.

నాకు నచ్చని ధోరణి ఒకటి పెరుగుతోంది. సాయంత్రం పిల్లిగద్దలు గడ్డిలో, నేల మీదే గుంపుగా పడుకోవడానికి దిగుతాయి. ఫొటో కోసం ఆ గడ్డిలోకి జీపులు నడిపి వాటిని లేపుతున్నారు. వేల మైళ్లు ఎగిరి వచ్చిన పక్షిని ఒక ఫొటో కోసం పడకలోంచి లేపడం తప్పు. డబ్బు తీసుకుని చూపించే గైడ్ ముందు ఆ గీత తానే గీయాలి. "ఇక్కడే ఆగుదాం, దిగొద్దు" అనే మాట బేరానికి పెట్టే మాట కాదు.

ఆ పడకలే తగ్గిపోతున్నాయి. బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిభూములు ఒకప్పుడు పిల్లిగద్దల రాత్రి మకాంకు పేరుపడ్డాయి. దేశంలోని ఇలాంటి మకాంల మీద ముప్ఫై ఏళ్ల లెక్కలు తీసి బెంగళూరు ఏట్రీ సంస్థ పరిశోధకులు 2018లో రాశారు. ఈ పక్షులు తగ్గుతున్నాయన్నదే దాని సారాంశం. గడ్డిభూమిని మన రెవెన్యూ లెక్కలు బంజరు అంటాయి. బంజరు అంటే ప్లాటుకో ఫ్యాక్టరీకో ఇవ్వచ్చు. పిల్లిగద్ద తినేది ఎక్కువగా మిడతల్నే, కాబట్టి ఆ బంజరు పక్క రైతుకూ పనికొచ్చేదే. రాబందుల సంగతి తెలిసిందే. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాల్ని దెబ్బతీసింది. పశువైద్యంలో ఆ మందును 2006లో ఆపేనాటికి నూటికి తొంభై పైచిలుకు పోయాయి. ఒకప్పుడు రాబందు కూడా గద్దంత మామూలు పక్షే.

మోండా గద్దలకు ముప్పు జనవరిలో వస్తుంది. సంక్రాంతి గాలిపటాల నైలాన్ మాంజా చెట్లకూ తీగలకూ చిక్కుకుని నెలల తరబడి వేలాడుతుంది. గద్దలు గూళ్లు కట్టేదీ చలికాలంలోనే. రెక్క కీలు తెగిన గద్ద మళ్లీ ఎగరడం అరుదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో ఆ దారాన్ని దేశమంతటా నిషేధించింది. అయినా చాటుగా దొరుకుతూనే ఉంది. డిసెంబర్‌లోనే పిల్లలకు నూలు దారం కొనిపెడితే ఇంటివరకైనా ఆపగలం.

నడకలు పెట్టే మిత్రులకు ఒక మనవి. ఈ అక్టోబర్‌లో కొత్తవాళ్లను ఆదివారం ఎనిమిదిన్నరకు మోండాకు రమ్మనండి. దుకాణాలకు అడ్డం రాకుండా ఒక పక్కగా నిలబడండి. పక్కనే ఏదైనా మేడవాళ్లు ఒప్పుకుంటే ఇంకా మంచిది. అందరికీ బైనాక్యులర్ అక్కర్లేదు, ఎనిమిది రెట్లు పెంచి చూపేది ఒకటి ఉంటే చేతులు మార్చుకోవచ్చు. మొదటి గంట గద్దను తప్ప మరో పేరు పలకకండి. తోక విప్పినప్పుడు, ముడిచినప్పుడు, ఎదురెండలో, మలుపులో ఎలా ఉందో వాళ్ల చేతే నోటుపుస్తకంలో బొమ్మ గీయించండి. చేపలమ్మే అమ్మలతో నాలుగు మాటలు మాట్లాడించండి. ఏ గద్ద ఏ రేకు మీద కూర్చుంటుందో, ఏ నెలలో పిల్లల్ని లేపుతుందో వాళ్లకు తెలుసు. తర్వాతి ఆదివారం గండిపేట వైపు గడ్డిలోకి వెళ్తే, రెక్కలు పైకి ఎత్తిపట్టిన పక్షి ఒకటి వచ్చినప్పుడు మీరు చెప్పేలోపే వాళ్లలో ఎవరో ఒకరు "ఇది గద్ద కాదు సార్" అంటారు.