ష్రోత్ పద్ధతి: వంగిన వెన్నుకు ఊపిరే ఊతం

పక్కకు వంగి మెలితిరిగిన వెన్నెముకను, అంటే స్కోలియోసిస్‌ను, వ్యాయామంతో అదుపు చేసే పద్ధతుల్లో ష్రోత్ పద్ధతి బాగా పేరు పొందింది. ఇది 1921లో జర్మనీలోని మైసెన్ పట్టణంలో మొదలైంది. అద్దం ముందు నిలబడి తన ఒంటి వంపును తానే గుర్తించడం, కండరాల పట్టుతో దాన్ని సరిదిద్దడం, ఆ సరిదిద్దిన భంగిమలోకి ఊపిరి నింపడం దీని సారాంశం.

వంపు తీరు

ఎక్స్‌రేలో పక్క వంపు 10 డిగ్రీలు, అంతకు మించి ఉంటే స్కోలియోసిస్ అంటారు. ఆ కోణాన్ని కొలిచే తీరును అమెరికాకు చెందిన ఎముకల వైద్యుడు జాన్ కాబ్ 1948లో వివరించాడు. వంపుకు పై కొసన, కింది కొసన బాగా వాలిన పూసలను గుర్తించి, పై పూస పైఅంచు వెంట ఒక గీత, కింది పూస కిందిఅంచు వెంట మరో గీత గీస్తారు. ఆ రెండు గీతల మధ్య కోణమే కాబ్ కోణం.

దాదాపు 80 శాతం కేసుల్లో కారణం తెలియదు. వీటిలో ఎక్కువ భాగం పదేళ్లు దాటాక, పిల్లలు చకచకా పొడవయ్యే వయసులో బయటపడతాయి. ఆ వయసు పిల్లల్లో వందకు ఇద్దరు ముగ్గురికి ఈ వంపు ఉంటుంది. చిన్న వంపులు ఆడపిల్లలకూ మగపిల్లలకూ దాదాపు సమానంగానే వస్తాయి. ముదిరి పెద్దవయ్యేవి మాత్రం ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువ. బరువైన బడి సంచి వల్లో, వంగి కూర్చోవడం వల్లో ఈ రకం స్కోలియోసిస్ రాదు. అందులో పిల్ల తప్పూ లేదు, పెంపకం తప్పూ లేదు.

వంపు మూడు దిక్కుల్లో సాగుతుంది. వెన్ను పక్కకు ఒరుగుతుంది, పూసలు మెలితిరుగుతాయి, పక్కనుంచి చూస్తే వీపుకు ఉండవలసిన సహజమైన గుండ్రదనం పోయి చదునవుతుంది. పూసలతో పాటు పక్కటెముకలూ తిరుగుతాయి కాబట్టి వీపు ఒకవైపు ఉబ్బి, రెండోవైపు లోపలికి నొక్కుకుపోతుంది. ముందుకు వంగినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండు శస్త్రవైద్యుడు విలియం ఆడమ్స్ 1865లో వివరించిన పరీక్ష ఇదే. నేటికీ మొదట చేసేది ఇదే. వంపు ఇలా మూడు దిక్కుల్లో ఉన్నప్పుడు, "నిటారుగా నిలబడు" అని హెచ్చరించినంత మాత్రాన అది సర్దుకోదు.

పుట్టుక

కథరీనా ష్రోత్ 1894లో డ్రెస్డెన్‌లో పుట్టారు. ఆమెకే స్కోలియోసిస్ ఉండేది. పదహారేళ్ల వయసులో ఉక్కు బ్రేస్, అంటే ఒంటిని బయటినుంచి బిగించి పట్టే తొడుగు, తొడుక్కోవలసి వచ్చింది. సొట్టపడిన రబ్బరు బంతి లోపలి గాలి ఒత్తిడికి మళ్లీ పొంగడం గమనించి, తన వీపులో నొక్కుకుపోయిన భాగాన్నీ ఊపిరితో అలాగే పొంగించవచ్చని ఆమె ఊహించారు. అద్దాల ముందు నిలబడి, శరీరాన్ని వంపుకు ఎదురు దిశలో తిప్పుతూ, కుంగిన చోటికి ఊపిరి పంపడం సాధన చేశారు. తన ఒంటి మీద ఫలితం కనిపించాక మైసెన్‌లో చిన్న కేంద్రం తెరిచి ఇతరులకు నేర్పారు.

కూతురు క్రిస్టా లెనెర్ట్-ష్రోత్ ఫిజియోథెరపిస్టుగా తల్లితో కలిసి పనిచేశారు. వంపు రకాలను వర్గీకరించి, ఏ రకానికి ఏ వ్యాయామమో ఒక క్రమంలో పెట్టి, 1973లో జర్మన్ భాషలో గ్రంథంగా వెలువరించిన ఘనత ఆమెది. 1961లో పశ్చిమ జర్మనీలోని సోబర్న్‌హైమ్‌కు తరలిన చికిత్సా కేంద్రం తర్వాత కథరీనా పేరుతోనే క్లినిక్ అయింది. కథరీనా 1985లో కన్నుమూశారు. 1960లలో ఎలెనా సాల్వా ఈ పద్ధతిని స్పెయిన్‌కు తీసుకెళ్లగా, అక్కడ బార్సిలోనా శాఖ ఏర్పడింది.

చేసే విధానం

ఈ పద్ధతిలో మొండేన్ని కటి, ఛాతీ, భుజాలు అనే మూడు దిమ్మెలుగా చూస్తారు. మామూలు శరీరంలో అవి ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి ఉంటాయి. స్కోలియోసిస్‌లో అవి పక్కలకు జరిగి, ఒకదానికొకటి వ్యతిరేకంగా తిరుగుతాయి. వీటిని తిరిగి ఒక వరసలోకి తేవడమే వ్యాయామం పని.

మొదట కటిని కుదురుగా నిలుపుతారు. తర్వాత నడినెత్తిని పైకి లాగుతున్నట్టు వెన్నును పొడవుగా సాచుతారు. ఆపైన పక్కకు జరిగిన దిమ్మెలను మధ్యకు తెస్తారు, మెలిక విప్పే దిశలో తిప్పుతారు. అప్పుడు నొక్కుకుపోయిన వైపు పక్కటెముకల సందుల్లోకి ఊపిరి నింపుతారు. చివరగా గాలి వదులుతూ, ఆ భంగిమ చెదరకుండా కండరాలను గట్టిగా బిగిస్తారు. ఊపిరి తీసుకునేటప్పుడు దిద్దుబాటు, వదిలేటప్పుడు దాన్ని నిలబెట్టడం: ప్రతి వ్యాయామమూ ఈ లయలోనే సాగుతుంది.

వీపు కుడివైపు, నడుము ఎడమవైపు ఉబ్బిన పిల్లకు నేర్పే ఒక వ్యాయామంలో ఇదంతా కనిపిస్తుంది. ఆమె ఎడమపక్కకు తిరిగి చాప మీద పడుకుంటుంది. నేలకు ఆనే ఎడమ నడుము ఉబ్బు కింద చిన్న బియ్యపు సంచి పెడతారు. దాని ఎత్తుకు నడుము వంపు సర్దుకుంటుంది. కుడికాలు చాచి స్టూలు మీద, కుడిచేయి కుర్చీ మీద ఆనిస్తారు. తల ఒకవైపు, మడమ ఇంకోవైపు లాగుతున్నట్టు ఆమె ఒళ్లు సాచుతుంది. థెరపిస్టు ఎడమ వీపులో కుంగిన చోట రెండు వేళ్లు ఆనిస్తారు. పిల్ల ముక్కుతో మెల్లగా గాలి పీలుస్తూ ఆ వేళ్లను బయటికి నెట్టాలి. వేళ్లు కదిలితే ఊపిరి చేరవలసిన చోటికి చేరినట్టే. తర్వాత గాలి వదులుతూ నడుము, పొట్ట, వీపు కండరాలను బిగించి ఆ స్థితిని నిలుపుతుంది. మొదట్లో ఆ చోట ఊపిరి కదలనే కదలదు. రోజూ చేస్తూ పోతే అద్దమూ వేళ్లూ లేకుండానే దారి తెలుస్తుంది.

వ్యాయామం చేసే కొద్ది సేపు సరిగ్గా ఉండి, మిగతా రోజంతా వంపు వైపే ఒరిగి కూర్చుంటే ప్రయోజనం లేదు. అందుకే చదువుకునేటప్పుడు, నిలబడినప్పుడు, పడుకున్నప్పుడు, బరువు ఎత్తేటప్పుడు ఎలా ఉండాలో కూడా చికిత్సలో భాగంగా నేర్పుతారు. ఎడమవైపు వంపున్న పిల్లకు పనికొచ్చే భంగిమ కుడివైపు వంపున్న పిల్లకు హాని చేయవచ్చు. కాబట్టి వీడియో చూసి చేయడం తగదు. ఎక్స్‌రే చూసి వంపు రకం తేల్చిన శిక్షితుల దగ్గరే నేర్చుకోవాలి.

ఫలితాలు, హద్దులు

కెనడాలో 10 నుంచి 18 ఏళ్ల మధ్య వయసున్న 50 మందిపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆరు నెలల్లో మామూలు చికిత్స మాత్రమే పొందినవారి వంపు సగటున కొద్దిగా పెరగగా, దానికి ష్రోత్ వ్యాయామాలు తోడైన వారిలో కొద్దిగా తగ్గింది. రెండు బృందాల మధ్య తేడా సుమారు 3.5 డిగ్రీలు. ఎక్స్‌రే కొలతలోనే 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు కాబట్టి ఈ లాభాన్ని ఉన్నంతమేరకే చూడాలి. వ్యాయామం వంపును మాయం చేయదు. వంపు పెరగకుండా ఆపడం, వీపు కండరాల ఓపిక పెంచడం, నొప్పి తగ్గించడం, ఒంటి తీరు మెరుగుపరచడం దాని లక్ష్యాలు.

ఎదిగే పిల్లల్లో వంపు 25 డిగ్రీలు దాటితే సాధారణంగా బ్రేస్ సూచిస్తారు. బ్రేస్ వాడినవారిలో 72 శాతం మందికి, వాడనివారిలో 48 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల పూర్తయిందని అమెరికా, కెనడాల్లో జరిపి 2013లో వెలువరించిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఎక్కువ గంటలు తొడుక్కున్నవారికి ఎక్కువ మేలు జరిగింది. అలాంటి పిల్లలకు వ్యాయామం బ్రేస్‌కు తోడు మాత్రమే, బదులు కాదు. 45, 50 డిగ్రీలు దాటిన వంపులకు శస్త్రచికిత్స ఆలోచిస్తారు.

ఎదుగుదల ఆగేనాటికి 30 డిగ్రీల లోపు ఉన్న వంపులు తర్వాత పెరగడం అరుదు. 50 దాటినవి పెద్దయ్యాక కూడా ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంటాయి. అందువల్ల ఎదిగే ఆ కొన్నేళ్లే అసలైన అదను. పిల్లకు ఒక భుజం ఎత్తుగా కనిపించినా, నడుము మడత ఒకవైపే లోతుగా ఉన్నా, ముందుకు వంగితే వీపు ఒకపక్క లేచినా వెంటనే ఎముకల వైద్యుడికి చూపించాలి.

పెద్దవాళ్లలో లక్ష్యం మారుతుంది. వారికి డిగ్రీలు తగ్గడం కన్నా నడుంనొప్పి తగ్గడం, ఎక్కువ సేపు నిలబడగలగడం, ఊపిరి తేలిక కావడం ముఖ్యం. ఈ వ్యాయామాలను అందుకు తగ్గట్టే మారుస్తారు. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రంపై పట్టు తప్పడం, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉంటే మాత్రం వ్యాయామం కన్నా ముందు వైద్య పరీక్ష కావాలి.

బ్రేస్ బయటినుంచి ఒత్తుతుంది, శస్త్రచికిత్సను వైద్యుడు చేస్తాడు. ష్రోత్ పద్ధతిలో మాత్రం దిద్దుబాటు రోగి చేతిలోనే ఉంటుంది. తన వంపు ఎటు ఉందో, దానికి ఎదురు ఎలా నిలవాలో ఒకసారి ఒంటికి పట్టిన పిల్లకు ఆ నేర్పు చికిత్స ముగిశాక కూడా పనికొస్తుంది. ఈ పద్ధతి వందేళ్లుగా నిలిచి ఉండడానికి అసలు కారణం అదే.