హూపర్ గారి బొమ్మ

పిల్లలకి చావు సంగతి చెప్పాలంటే మనవాళ్ళ దగ్గర నాలుగు మాటలున్నాయి: ఊరెళ్ళారు, నిద్రపోయారు, దేవుడి దగ్గరికి వెళ్ళారు, నువ్వెళ్ళి ఆడుకో. ఈ మాటలకి అలవాటుపడ్డ మనం తప్పక చూడవలసింది, 1983 నవంబరు 24న అమెరికన్ టెలివిజన్‌లో వచ్చిన సెసమీ స్ట్రీట్ కార్యక్రమం. అందులో కొట్టు నడిపే హూపర్‌గా 1969 నుంచీ నటించిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయాడు. ఆ వేషానికి మరో నటుణ్ణి పెట్టవచ్చు, హూపర్ ఊరు విడిచి వెళ్ళాడనీ అనవచ్చు. నిర్మాతలు ఆ రెండూ చెయ్యలేదు. చనిపోయాడనే చెప్పారు.

బిగ్ బర్డ్ అని ఎనిమిదడుగుల పచ్చటి పక్షి, బుద్ధి మాత్రం ఆరేళ్ళ పిల్లవాడిది. పెద్దవాళ్ళందరి బొమ్మలూ గీసి పంచుతాడు. హూపర్‌ది మిగిలిపోతుంది. ఆయన చనిపోయాడని లోగడే చెప్పాం కదా అని మరియా గుర్తుచేస్తే, అయితే తిరిగొచ్చాక ఇస్తానంటాడు. ఆ వయసు పిల్లలకి చావు అంటే అర్థమయ్యేది సరిగ్గా అంతే. ఇక రాడని తెలిశాక, నాకు మిల్క్‌షేక్ ఎవరు చేస్తారు, కథలెవరు చెబుతారని బెంగ. మేమున్నాం కదా అంటారు పెద్దలు. అయినా మునుపటిలా ఉండదంటాడు వాడు. మనమైతే "అలా అనకూడదు నాన్నా" అంటాం. బాబ్ నిజమేనని ఒప్పుకుంటాడు, గొంతు పూడుకుపోతుంది. ఆ నటుల కళ్ళనీళ్ళు నటన కాదు. వాళ్ళు దాచుకోలేదు గనకనే, ఎందుకిలా జరగాలని నిలదీసే ధైర్యం వాడికి వచ్చిందని నా అభిప్రాయం.

ఒక్కచోట నాకు తృప్తి లేదు. ఆ ప్రశ్నకి గోర్డన్ ఇచ్చే జవాబు, అదంతే అని. జబ్బు మాట రాదు, ఆస్పత్రి మాట రాదు. నిజాయితీ గల జవాబే, కాని సగమే. కారణం చెప్పని చోట చిన్నపిల్లలు తామే ఒకటి కల్పించుకుంటారు, చాలాసార్లు తమ అల్లరినే. "జబ్బు చేసి గుండె ఆగిపోయింది, నీవల్ల కాదు" అంటే చాలు.

ఇంకో లోటు మనకి మాత్రమే సంబంధించింది. బిగ్ బర్డ్‌కి హూపర్ కొట్టు కళ్ళెదుటే ఉంది. మన పిల్లలకి తాతయ్య అంటే ఫోన్‌లో గొంతు, ఎప్పుడో ఒక వేసవి. అర్ధరాత్రి ఫోనొస్తుంది, నాన్న పెట్టె సర్దుకుని విమానమెక్కుతాడు, కర్మలన్నీ అయ్యాక గుండుతో తిరిగొస్తాడు. మధ్యలో ఏం జరిగిందో పిల్లవాడికి చెప్పేవాళ్ళుండరు. అమ్మ స్నానాలగది తలుపేసుకుని ఏడుస్తుంది. వాడు బయట నిలబడి వింటూనే ఉంటాడు.