సముద్రవాచకముల పరిమాణము

సికిందరాబాదునకును హైదరాబాదునకును నడుమనున్న హుస్సేనుసాగరము చెఱువే కాని సాగరము కాదు. ఇబ్రహీంకులీ కుతుబుషాహి కాలమున, క్రీ. శ. 1562 ప్రాంతమున, గట్టువేసి నిలిపిన నీరది. ఉప్పునీటి నెన్నఁడుఁ జూడనివాఁడును దానిని నిశ్శంకముగా సాగరమనియే పిలుచును. ఐరోపీయ శబ్దవేత్తల యొక పెద్దవాదమును బరీక్షించుట కీ చిన్నసంగతి చాలును.

లాటిను భాషలోని మరె, గోతికులోని మరీ, ప్రాచీనైరిషులోని ముయిర్, స్లావికములోని మొర్యె, జర్మనులోని మేర్ ఏకమూలజములు. సంస్కృతమున వీనికి నిశ్చితమైన జ్ఞాతిపదము కానరాదు. గ్రీకుల థలస్స వేఱుజాతిది. గ్రీకులకుఁ బూర్వ మచ్చట వసించినవారి మాటయని పలువురి తలంపు. దీనింబట్టి మూలార్యులు సముద్రము నెఱుఁగరనియు, నీ పదము మొదట మడుగునకో కొలనునకో పేరనియుఁ గొందఱు సిద్ధాంతీకరించిరి.

కొలను మాటకుఁ గొంత యాధారము లేకపోలేదు. జర్మనుల మేర్ సముద్రము. డచ్చువారి మేర్ కొలను. డచ్చువారి జే సముద్రము. జర్మనుల జే పుంలింగమైనఁ గొలను, స్త్రీలింగమైన సముద్రము! లింగభేదముచేతనే కొలను కడలియగుట వింతయే. లిథువేనియాలోఁ గౌనాసు నగరముకడ 1959లో ఆనకట్టవలన నేర్పడిన జలాశయమునకును మారియోస్ అనియే పేరు. నాగార్జునసాగరమన్న పేరునకుఁ దోడుపే రిది.

కాని యింతమాత్రమున సముద్రము నెఱుఁగరనుట సాహసము. కాకతి గణపతిదేవుఁడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున సముద్రవర్తకుల కభయశాసన మిచ్చినవాఁడు. ఆతని పేరిటి చెఱువు గణపసముద్రము. మోటుపల్లి శాసనము నశించి చెఱువుపేరొక్కటే మిగిలియుండినచో, నీ న్యాయముచేతనే కాకతీయులకుఁ గడలి తెలియదని వ్రాయవలసివచ్చెడిది. పదము లేకుండుట వస్తువు లేకుండుట కాదు. జనులు పాతపదమును విడిచి క్రొత్తపదమును గొనుటయుఁ గలదు.

యాస్కుఁడు నిరుక్తమున సముద్రశబ్దమునకుఁ బెక్కు వ్యుత్పత్తులు చెప్పెను. నీరు పొంగుట, నీరు చేరుట, ప్రాణులు సంతోషించుట, తడుపుట వానిలోఁ గలవు. ఉప్పును లేదు, విస్తీర్ణమును లేదు. అందుచేత నా పదము చెఱువునకు దిగుట కడ్డేమియు లేదు.

తెలుఁగున విచారింపవలసినది మఱియొకటి కలదు. సముద్రము, సాగరము అను తత్సమములు చెఱువుల పేళ్లలో విరివిగాఁ జేరినవి. కడలి, మున్నీరు అను దేశ్యములు సాధారణముగా నచ్చటఁ గానరావు. దేశ్యము కడలినే యంటియుండుటయు, సంస్కృతపదము కట్టక్రిందికి వచ్చుటయు నేల జరిగెనో చెఱువుశాసనములఁ జదువువారు తేల్పవలసియున్నది.