అడిగే హక్కు ఉన్నవాళ్ళ ప్రార్థన

నూజివీడు, గుడివాడ, ఏలూరు, విజయవాడ రోడ్లు కలిసే హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల పేటల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన చాలా కుటుంబాలకు అలవాటు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చిన ఆడవాళ్ళు చాపల మీద సర్దుకుని కూర్చుంటారు. పాటలయ్యాక పాస్టరమ్మగారు "మనవులు చెప్పండమ్మా" అంటారు. ఒకామె కొడుకు ఉద్యోగం, ఇంకొకామె అల్లుడి తాగుడు, మరొకామె చెరువులో చచ్చిపోతున్న రొయ్య. తర్వాత అందరూ మోకరించి ఒక్కసారే గొంతెత్తుతారు. బయటివాళ్ళకు అది గోల. దగ్గర కూర్చుని ఒక్క గొంతునే పట్టుకుని వింటే అందులో ఒక వాదన వినిపిస్తుంది: "ప్రభువా, విధవరాలి పక్షాన నిలబడతానన్నావు. నేను విధవరాలినే కదా తండ్రీ. నా పొలం గట్టు జరిపేశారు. నువ్వు చూడకపోతే ఇంకెవరు చూస్తారు?"

ఇందులో బతిమాలడం కొంతే. ఎక్కువ భాగం దేవుడి మాటను దేవుడికే గుర్తుచేయడం. మన సంఘాల్లో దీన్ని వాగ్దానం ఎత్తిపట్టి ప్రార్థించడం అంటారు. ధైర్యంగా చేసే ప్రార్థనకు మూలం ఇదేనని నా నమ్మకం. బంగారు దూడ దగ్గర ఇశ్రాయేలీయుల మీద దేవుడు కోపగించినప్పుడు మోషే చేసింది ఇదే: అబ్రాహాముకు, ఇస్సాకుకు, యాకోబుకు నువ్వు చేసిన ప్రమాణం ఏమైందని అడిగాడు. సొదొమ కోసం అబ్రాహాము యాభైమంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పదిమంది దాకా తగ్గిస్తూ వచ్చాడు. తను ధూళిని, బూడిదనని ఒప్పుకుంటూనే మళ్ళీ అడిగాడు. ఆ అణకువా, ఆ పట్టుదలా ఒకే నోట ఎలా వచ్చాయో చూడాలి.

రెండో సంగతి, కావలసింది తేటగా చెప్పడం. యెరికో దారిన బర్తిమయి కేకలు వేస్తుంటే జనం ఊరుకోమన్నారు. అతను ఇంకా గట్టిగా అరిచాడు. యేసు నిలబడి, నీకేం కావాలని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో ఆయనకు తెలియదా? అయినా అతని నోటితో చెప్పించాడు. "అందరినీ దీవించు ప్రభువా" అని సరిపెట్టేసే ప్రార్థనలు నాకు పిరికిగా తోస్తాయి. పేరు పెట్టి అడిగితే ఆ జవాబు కోసం మనం కూడా ఎదురుచూడాలి. అర్ధరాత్రి రొట్టెల కోసం స్నేహితుడి తలుపు తట్టినవాడి కథ, న్యాయాధిపతిని వదలని విధవరాలి కథ లూకా సువార్తలోనే ఉండడం ఊరికే కాదు. మత్తయిలో కనాను స్త్రీ మాటకు మాట జవాబిచ్చి మరీ కూతురి స్వస్థత తీసుకెళ్ళింది. యేసు ఆమెను గద్దించలేదు, ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్నాడు.

ఇంతకీ ఈ చొరవ ఎక్కణ్ణించి వచ్చింది? యెరూషలేము దేవాలయంలో అతిపరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడొక్కడే, అదీ ఏడాదికి ఒక్కరోజే వెళ్ళేవాడు. యేసు చనిపోయినప్పుడు ఆ స్థలానికి అడ్డంగా ఉన్న తెర పైనుంచి కిందికి చిరిగిందని సువార్తలు చెబుతాయి. మన బలహీనత ఎరిగిన ప్రధాన యాజకుడు ఉన్నాడు గనుక కృపాసనం దగ్గరికి ధైర్యంగా రమ్మని హెబ్రీ పత్రిక పిలుస్తుంది. అంటే ఆ ధైర్యం అడిగేవాడి మంచితనంలోంచి పుట్టింది కాదు.

ఇది గుడి గడప తొక్కనివ్వని మనుషులకు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. కృష్ణా ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య మాలవాడు. విగ్రహాల్లో ఏమీ లేదని, గొప్ప దేవుడొకడున్నాడని ఎవరో చెబితే విన్నాడు. ఆ దేవుడి పేరు తెలియదు, ఆయన దగ్గరికి దారి చూపేవాళ్ళు లేరు. అయినా నువ్వెవరు, ఎక్కడున్నావు, నాకు కనబడమని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాడు. చివరికి 1859లో బెజవాడలో చర్చి మిషనరీ సొసైటీ బోధకుడు డార్లింగ్‌ను కలిశాడు. క్రీస్తు గురించి వినగానే, తాను ఇన్నాళ్ళూ వెదికింది ఈయన్నేనన్నాడు. ఆ ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాడు. అతని వెనక మాలపల్లెలు కదిలాయి.

తెలుగు క్రైస్తవుల చరిత్రలో మిషనరీల పేర్లకు దొరికిన చోటు వెంకయ్య ప్రార్థనకు దొరకలేదన్నది నా బాధ. ఊరి పెద్ద అరుగు ముందు తలొంచుకుని నిలబడాల్సిన మనిషి సృష్టికర్తను నువ్వెవరని అడిగాడు. అలా అడగడం ఒకసారి అలవాటైన నోరు తాసిల్దారు ముందూ అంత తేలిగ్గా మూతపడదు. పేటల్లో ప్రార్థన చేసిన మేలు లెక్కగట్టేటప్పుడు స్వస్థతలతోపాటు దీన్నీ కలపాలి.

ఈ మధ్య మైకుల్లో వినబడే ఒక తీరు మాత్రం నన్ను కలవరపెడుతోంది. కారు ఇచ్చేశావు, వీసా ఇచ్చేశావు అని దేవుడికి హుకుం జారీచేయడాన్ని విశ్వాసమంటున్నారు. గెత్సేమనేలో యేసు తన కోరికను దాచుకోలేదు, ఈ గిన్నె తొలగించమని అడిగాడు. ఆ వెంటనే తండ్రి చిత్తమే జరగాలన్నాడు. ఆ రెండో మాట లేని ధైర్యం పెత్తనమవుతుంది. జవాబు రాని తల్లిని "నీకు విశ్వాసం చాలలేదమ్మా" అని ఇంటికి పంపడం క్రూరత్వం. హబక్కూకు, యోబు నిలదీసి అడిగారు, బైబిలు వాళ్ళ గొంతు నొక్కలేదు. 88వ కీర్తన చీకట్లోనే ముగిసిపోతుంది, అదీ ప్రార్థనే.

అడిగాక ఆగడం మనవాళ్ళకు నేర్పడంలో ముంగమూరి దేవదాసు అయ్యగారిది పెద్ద పాత్ర. 1938లో బైబిలు మిషన్‌ను స్థాపించిన ఆయన ప్రార్థనకు ముందు మనసును నిలకడ చేసుకోమన్నారు, అడిగాక దైవసన్నిధిలో కనిపెట్టమన్నారు, అంటే వేచి ఉండమన్నారు. గట్టి ప్రార్థనలకు పేరుపడ్డ మన కూటాల్లో ఈ కనిపెట్టడమే కరువవుతోంది. ఆమేన్ అనగానే చాపలు చుట్టేస్తున్నాం.

కొత్తగా నేర్చుకోవాలనుకునేవాళ్ళకు నేను 13వ కీర్తన ఇస్తాను. ఆరే వచనాలు. ఎంతకాలమని దేవుణ్ణి అడగడంతో మొదలై, ఆయన కృప మీద నమ్మకంతో పాట దాకా వెళ్తుంది. బయటికి చదవండి, మీ సమస్యను దాని పేరుతోనే చెప్పండి, ఆ తర్వాత వెంటనే లేవకుండా కాసేపు అక్కడే ఉండండి.