లైను కింద ప్రశ్న

లైనక్స్ కెర్నెల్‌కి నేను తొలి ప్యాచ్ పంపి పదేళ్లు దాటింది. స్టేజింగ్ విభాగంలో దిక్కూమొక్కూ లేకుండా పడున్న ఒక డ్రైవర్‌కి చిన్న మరమ్మతు, మొత్తం పదకొండు లైన్లు. మొదటిసారి తిరిగొచ్చింది కోడు బాగాలేక కాదు. నా మెయిల్ ప్రోగ్రాం ట్యాబులన్నిటినీ స్పేసులు చేసేసింది, ప్యాచ్ అతుక్కోలేదు. రెండోసారి పంపాక జవాబొచ్చింది. అందులో బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. నేను మెమరీ అడిగిన లైను కింద ఒకే ఒక్క ప్రశ్న: ఇది దొరక్కపోతే, పై లైన్లలో తీసుకున్నదాన్ని ఎవరు వదులుతారు?

ఎవరూ వదలరు. నేను ఎర్రర్ రిటర్న్ చేసి చేతులు దులుపుకున్నాను. అక్కడ చేయాల్సింది గోటోతో ఫంక్షన్ చివరికి దూకి, తీసుకున్న వరుసకు తలకిందులుగా ఒక్కొక్కటీ వదులుకుంటూ రావడం. గోటో పేరెత్తితే పాపమని కాలేజీలో నూరిపోశారు. ఎక్కడ పుణ్యమో ఆ ఒక్క ప్రశ్న నేర్పింది. ఆ రోజు నుంచి నాకు ఈ రివ్యూ విద్యంటే పిచ్చి. కథలు చదివినట్టు పాత రివ్యూలు చదువుతాను. మా ఆవిడ నవ్వుతుంది.

ఈ విద్యకి మూలసూత్రం ఒక్కటే: తప్పు ఎక్కడుందో మాట అక్కడే ఉండాలి. కెర్నెల్ లోకంలో ప్యాచ్ మామూలు టెక్స్ట్ మెయిల్‌గా వస్తుంది. రివ్యూ చేసేవాడు అవసరం లేని భాగం కత్తిరించి, సందేహం వచ్చిన లైను కిందే తన మాట రాస్తాడు. పైన నాలుగు ముక్కలు గుప్పించి కిందంతా అలాగే వదిలేస్తే అక్కడివాళ్లకి ఒళ్లు మంట. వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ, ఆ పద్ధతిలో "డిజైన్ ఎందుకో నచ్చలేదండీ" అని గట్టు మీద కూర్చుని రాయి విసరడం కష్టం. ఏ లైను నచ్చలేదో చూపించాలి, ఎందుకో చెప్పాలి. చిన్న విషయమైతే ముందు "నిట్" అని పెడతారు, అంటే సరిదిద్దితే మంచిది, లేకపోయినా కొంప మునగదని. "నాక్" అంటే ససేమిరా అని. కారణం చెప్పకుండా నాక్ కొట్టినవాడికి అక్కడ పరువుండదు.

నెట్‌వర్కింగ్ వాళ్లకి ఇంకో ముచ్చట ఉంది. ఫంక్షన్ మొదట్లో వేరియబుల్స్ ప్రకటించేటప్పుడు పొడుగు లైను పైన, పొట్టిది కింద ఉండాలి. తలకిందులుగా నిలబెట్టిన క్రిస్మస్ చెట్టంటారు దాన్ని. ఇది తప్పిందని కూడా ప్యాచ్ వెనక్కొస్తుంది. మొదట్లో నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ ఆకారం చెదిరిన చోట కన్ను దానంతటదే ఆగుతుంది.

ఇవ్వడం సగం విద్య, పుచ్చుకోవడం మిగతా సగం. రివ్యూ వచ్చాక వాదన పెంచుకోకుండా రెండో రూపం పంపాలి, సబ్జెక్టులో వీ2 అని వేసి. మూడు గీతల కింద ఏమేం మార్చారో, ఎవరి మాట మీద మార్చారో రాయాలి. ఒప్పుకోని మాటుంటే ఎందుకు ఒప్పుకోలేదో అదీ చెప్పాలి. ఆ గీతల కిందది ప్యాచ్‌తో పాటు గిట్ చరిత్రలోకి వెళ్లదు, చదివేవాడి కోసమే. చివరికి రివ్యూ చేసినవాడు "రివ్యూడ్-బై" అని తన పేరిస్తాడు. అది మొహమాటానికి ఇచ్చే సంతకం కాదు. నేను సాంకేతికంగా చూశాను, నా సందేహాలు తీరాయి, ఇది కెర్నెల్‌కి తగినదని నమ్ముతున్నాను అని దానికి అర్థం రాసిపెట్టి ఉంది.

చరిత్రలోకి ఎక్కువ వెళ్లను. జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లోనే ప్రోగ్రామర్ తన కోడుని తన ఒంట్లో భాగంగా చూసుకోకూడదన్నాడు. ఐబీఎంలో మైకేల్ ఫేగన్ 1976లో పరిశీలనకి ఒక క్రమం రాసి ప్రచురించాడు. ఇక డొనాల్డ్ కనూత్ సంగతి వేరు. తన పుస్తకంలో తప్పు చూపినవాళ్లకి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు రాసిచ్చేవాడు. 256 అంటే పదహారు పదహార్లు కదా, హెక్సాడెసిమల్ లెక్కలో అది ఒక డాలరట! జనం ఆ చెక్కుల్ని మార్చుకోకుండా ఫ్రేములు కట్టించుకున్నారు. విమర్శ పుచ్చుకోవడంలో ఇంత దర్జా నేనింకెక్కడా చూడలేదు.

ఘనకార్యమంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌ది. జేసన్ డోనన్‌ఫెల్డ్ 2018లో దాన్ని పంపినప్పుడు సాక్షాత్తూ లైనస్ టోర్వాల్డ్స్ కళాఖండమని మెచ్చుకున్నాడు. అయినా రివ్యూవాళ్లు వదల్లేదు. కొత్త క్రిప్టో లైబ్రరీ ఎందుకు, ఉన్నదాన్నే ఎందుకు వాడవని పట్టుపట్టారు. వాదోపవాదాలు, పట్టువిడుపులు అయ్యాక 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్‌లో అది చేరింది. పెద్దాయన పొగిడినా పక్కవాడు ప్రశ్న మానలేదు, నాకు నచ్చేది అదే. రియల్-టైమ్ ప్యాచ్‌ల కథ ఇంకా పెద్దది, ఇరవై ఏళ్ల నాటిది. చిట్టచివరి అడ్డంకి, ఎవరూ పట్టించుకోని ప్రింట్‌కే, అంటే కెర్నెల్ తన సందేశాలు రాసుకునే భాగం. జాన్ ఓగ్నెస్ దాన్ని 2019 నుంచి తిరగరాస్తూ వచ్చాడు, పెట్ర్ మ్లాడెక్ లైను లైనుకీ అడ్డుపడుతూ వచ్చాడు. అవధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుణ్ణి చూసినట్టే ఉంటుంది. ఆయన మెత్తబడితే చిన్నబోయేది అవధానే. 2024 సెప్టెంబరులో రియల్-టైమ్ కెర్నెల్‌లో కలిసింది.

నేను లైనస్ అభిమానిని, దాచను. కానీ ఆయన తిట్లని కూడా విద్యలో భాగమని వెనకేసుకొచ్చే మావాళ్లతో నాకు పేచీ ఉంది. యూఎస్‌బీ 3.0 డ్రైవర్ రాసిన సేజ్ షార్ప్ 2013లోనే ఆ ధోరణిని అందరి ముందూ నిలదీశారు, తర్వాత కెర్నెల్ పనే మానుకున్నారు. 2018 సెప్టెంబరులో లైనస్ క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నాడు. తిట్టు తీసేసినా ప్రశ్న పదును తగ్గలేదని ఆ తర్వాతి ఏళ్లు చూపించాయి.

నన్ను మండించేది తిట్టు కన్నా ఉత్తుత్తి మెప్పు. "ఎల్‌జీటీఎం", నాకు బాగానే కనిపిస్తోంది అని. నేను పనిచేసిన ఒకచోట రెండు వేల లైన్ల మార్పుకి రెండు నిమిషాల్లో ఆ నాలుగక్షరాలు పడ్డాయి, పక్కన బొటనవేలు బొమ్మ. చదవని రివ్యూ కన్నా రివ్యూ లేకపోవడమే నయం, కనీసం ఎవరూ చూడలేదని తెలుస్తుంది. హార్ట్‌బ్లీడ్ గుర్తుందా? అవతలివాడు చెప్పిన పొడవు నిజమో కాదో చూసుకోని కోడు 2011 చివరి రాత్రి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో చేరింది. అది చేరకముందు ఒకరు చూశారు కూడా. ఒక్కో విన్నపానికి 64 కిలోబైట్ల వరకూ సర్వర్ మెమరీ బయటికి కారుతున్న సంగతి 2014 ఏప్రిల్‌లో గానీ లోకానికి తెలియలేదు. చెప్పిన పొడవు నిజమేనా అని ఆ లైను కింద ఒక్క ప్రశ్న పడుంటే!

విమర్శ వేషంలో వేధింపూ వచ్చింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రాజెక్టుని ఒంటిచేత్తో మోస్తున్న మనిషిని ఊరూపేరూ లేని ఖాతాలు ఆలస్యమవుతోందని సాధించి, సాధించి, మరొకరికి పెత్తనం ఇచ్చేలా చేశాయి. ఆ మరొకరు దొంగదారి పెట్టారు. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్విన ఆండ్రెస్ ఫ్రోయిండ్ పుణ్యమా అని 2024 మార్చిలో బయటపడింది.

మన వంతు తలవంపులూ ఉన్నాయి. 2020 అక్టోబరులో నాలుగు మార్పులు (పీఆర్‌లు) పంపితే ఒక టీషర్టన్న పండగలో, ఇతరుల రీడ్‌మీ ఫైళ్లలో ఒక పొగడ్త ముక్క అతికించి పంపినవాళ్లలో మన దేశపు కుర్రాళ్లు బోలెడంతమంది. మన యూట్యూబ్ పాఠమే ఆ దారి చూపింది. ఇప్పుడు యంత్రం చేత రాయించిన, రాసినవాడే చదవని బగ్ రిపోర్టులు వచ్చిపడుతున్నాయి. కర్ల్ ప్రాజెక్టు నడిపే డానియెల్ స్టెన్‌బెర్గ్ వాటితో విసిగి ఎన్నిసార్లు మొత్తుకున్నాడో! అడిగిన ప్రశ్నకి జవాబు కూడా యంత్రమే ఇస్తే, ఆ ప్రశ్న వల్ల నేర్చుకునేది ఎవరు?

హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని తొలి ప్యాచ్ పంపబోతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రెజ్యూమేలో లైను కోసం తొందరపడకండి. కెర్నెల్ మెయిళ్లన్నీ లోర్ అనే భాండాగారంలో తెరిచే ఉన్నాయి, పైసా ఖర్చులేదు. ప్రింట్‌కే ప్యాచ్‌లు ఒక వరుస తీసుకుని వీ1 నుంచి చివరిదాకా చదవండి. తర్వాత మీ ప్యాచ్ పక్కన పెట్టి, ముందు ఇంకొకరిది రివ్యూ చేయండి. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.