పాఠశాలల ప్రతిజ్ఞ

బాలురు ప్రతిదినము చేయి చాచి చదువు ప్రతిజ్ఞను రచనగా నెంచి పరిశీలించువారరుదు. పైడిమఱ్ఱి వెంకట సుబ్బారావుగారు విశాఖపట్టణమున ఖజానా అధికారిగా నుండి 1962 వ సంవత్సరమున దీనిని రచించిరి. పెక్కు భాషలలో చదువబడు దీనికి మూలము తెలుగని ఉపాధ్యాయులలోనే యనేకు లెఱుంగరు.

దేశ సంపదను గూర్చి గర్వింపుమని యూరకుండక, దానికి తగినవాడ నగుటకు పాటుపడెదనని వెంటనే పలికించుట దీని గుణము. తాతల నేతులు తలచి మూతులు నాకువారికిది మంచి మందు.

లోపమును గలదు. తల్లిదండ్రులు, గురువులు, పెద్దలు వేఱుగా పేర్కొనబడిరి. తక్కిన వారందఱును మర్యాదను గూర్చిన యొక్క చిన్న వాక్యమున నిమిడిపోయిరి. బాలుర నోట ఆ వాక్యమే త్వరగా దొరలిపోవును. దేశమువారెల్లరు తోడబుట్టినవారని ప్రొద్దున పలికిన బాలుడే, వసారా యూడ్చు ముదుసలిని “ఒసే” యని పిలువగా మేము వింటిమి. మన యిండ్లలో పనివారి టీ గ్లాసు వేఱుగా బోర్లింపబడుచుండగా వాని ననుటయేల?

ఇప్పుడు మా తరగతిలో ఆ వాక్యముకడ నాపి, “ఎవరెవరితో?” నని యడిగి పేర్లు చెప్పించుచున్నాము. మొదటి దినమున ఆ ముదుసలి పేరు ఒక్క బాలునికిని తెలియలేదు. మాకును తెలియలేదు.