బడికెళ్లిన మరబొమ్మ

పిల్లవాణ్ని బడిలో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టారు రిజిస్టరు తెరిచి మూడు సంగతులు తప్పకుండా అడుగుతారు: పుట్టిన తేదీ, తండ్రి పేరు, మాతృభాష. ఇనుముతో చేసిన పిల్లవాడొకడు వచ్చి ఆ బల్ల ముందు నిలబడితే ఆ గళ్లలో ఏం రాయాలి?

జపాన్ చిత్రకారుడు ఒసాము తెజుకా 1952లో మొదలుపెట్టిన బొమ్మల కథలో అలాంటి పిల్లవాడున్నాడు. జపాన్ వాళ్లకు అతను ఆతోము, బయటి దేశాలకు ఆస్ట్రో బాయ్. పుట్టిన తేదీ కథలోనే ఉంది: 2003 ఏప్రిల్ 7. తండ్రి పేరు దగ్గరే చిక్కు. డాక్టర్ తెన్మా అనే శాస్త్రవేత్త కారు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకుని, ఆ పోలికలతోనే మరబొమ్మను చేయించుకున్నాడు. ఎన్నాళ్లయినా అది ఎదగడం లేదని సర్కస్‌కు అమ్మేశాడు. విడిపించి దగ్గరకు తీసినవాడు ఒచానోమిజు అనే మరో శాస్త్రవేత్త. ఆయన చలవతో ఆతోము మనుషుల పిల్లల పక్కన మామూలు ప్రాథమిక పాఠశాలలో కూర్చుంటాడు. లక్ష గుర్రాల బలం, నిప్పులు కక్కుతూ ఎగిరే కాళ్లు అతనికున్నాయి. నన్ను మాత్రం మళ్లీ మళ్లీ లాగేది ఆ బెంచీయే.

ఈ కథ 1963 జనవరి 1న టీవీకెక్కింది. వారం వారం అరగంట చొప్పున నాలుగేళ్లు, మొత్తం 193 భాగాలు. అంత పని ఎలా చేయగలిగారన్నది తెలుసుకోవలసిన సంగతి. సినిమా ఫిల్ములో సెకనుకు 24 ఫ్రేములు. ఇరవై అయిదు నిమిషాలకు 36,000. పెద్ద స్టూడియోలు ఒకటి రెండు ఫ్రేములకు ఒక బొమ్మ గీయించేవి. తెజుకా మూడు ఫ్రేములకు ఒకటి చాలన్నాడు. అయినా పన్నెండు వేల బొమ్మలు! వారం రోజుల్లో ఏ గుంపూ గీయలేనన్ని. అందుకని కదలికనే తగ్గించాడు. మాట్లాడేవాడి ముఖం నిలకడగా ఉంటుంది, పెదవులే కదులుతాయి. పరిగెత్తేవాడు ఉన్నచోటే ఉంటాడు, వెనకాల వీధి జరుగుతుంది. జనసమూహాన్ని ఒకే పెద్ద బొమ్మగా గీసి దాని మీద కెమెరాను మెల్లగా నడిపిస్తారు. ఎగిరే బొమ్మలను ఒకసారి గీసి బీరువాలో దాచి, అవసరమైనప్పుడల్లా తీసి వాడుకుంటారు. ఆ దాచుకోవడానికి వాళ్లు పెట్టుకున్న పేరు బ్యాంకు.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు తోలుబొమ్మల తెర కళ్ల ముందు కదిలింది. బొమ్మలాటకు పేరుపడ్డ ఊళ్లు, కాకినాడ దగ్గరి మాధవపట్నం, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట, మా విజయనగరానికి దూరమే. కానీ వాళ్ల పని తీరూ తెజుకా స్టూడియో పని తీరూ ఒక్కటే. తోలును పలచగా గీకి, వెలుతురు దూరేలా చేసి, నగలూ చీర అంచులూ ఉన్నచోట ఉలితో సన్నని చిల్లులు కొట్టి, రంగులు అద్దుతారు. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడి ముక్కలు. వాటిని దారపు ముడులతో కలుపుతారు. నడుమ ఒక బద్ద, చేతులకు సన్నని పుల్లలు. అంతే. ఆడించేవాడికున్నవి రెండు చేతులు, కథలోని సభలో ఉన్నది పదిమంది. అప్పుడేం చేస్తాడు? ఆ ఘట్టంలో మాట లేని బొమ్మలను ముల్లుతో తెరకు గుచ్చేస్తాడు. మాట్లాడే బొమ్మ ఒక్కటే కదులుతుంది, అదీ ఒక చెయ్యి. చూసేవాడి కన్ను ఆ చేతినే పట్టుకుంటుంది. మిగతావాళ్లు శ్రద్ధగా వింటున్నారని మనసు తనంతట తాను అనుకుంటుంది. తెజుకా స్టూడియోలో కదలని బొమ్మను నిలిపి ఉంచడానికి గాజులాంటి పారదర్శకపు రేకు చేసిన పని ఇక్కడ ముల్లు చేసింది.

ఇంకొక పోలిక కూడా నాకు ఇష్టం. ఆతోము తల మీద రెండు కొమ్ముల్లాంటి జుట్టు ఉంటుంది. ఏ పక్కకు తిరిగినా ఆ రెండూ కనిపించి తీరాలి. నిజంగా తల తిప్పితే ఒకటి మరుగున పడుతుంది కదా అంటే, పడనివ్వరు. కొన్ని తోలుబొమ్మలు కూడా పక్కకు తిరిగి నడుస్తూ రెండు కళ్లతోనూ చూస్తాయి. కొలతలు తప్పినా ఆనవాలు తప్పకూడదు. చీకట్లో, దూరంగా, నిద్రకళ్లతో ఉన్న పసివాడు కూడా వీడు ఫలానా అని ఒక్క చూపులో పోల్చుకోవాలి.

ఈ పొదుపుకు చెడ్డ పేరూ ఉంది. తెజుకా తక్కువ సొమ్ముకు ఒప్పుకోవడం వల్ల ఆ తర్వాతి చిత్రకారుల జీతాలు దశాబ్దాల పాటు కిందనే ఉండిపోయాయన్న విమర్శను తేలిగ్గా తీసేయలేం. కళగా మాత్రం దాన్ని నేను తక్కువ చేయను. మా ఊళ్లో పైడితల్లి పండగనాడు ఊరేగే సిరిమాను ముందు వచ్చే తెల్ల ఏనుగును చూడండి. అది మనుషులు చేసిన ఏనుగని చేతులెత్తే ప్రతి ఒక్కరికీ తెలుసు. తొండం ఆడించకపోయినా దండం పెడతారు. ప్రాణం పోసే పనిలో సగం చూసేవాళ్లే చేస్తారు.

మిగతా సగం గొంతు చేస్తుంది. ఆతోముకు మాట ఇచ్చింది మారి షిమిజు అనే నటి. అడుగుల చప్పుడు మాత్రం ఏ మనిషి అడుగూ కాదు. మత్సువో ఓనో అనే శబ్దకారుడు దానికోసం లోకంలో లేని ఒక చప్పుడు పుట్టించాడు. అమెరికాలో 2002లో గ్రెగ్ మిల్లర్ తీసిన ధారావాహికలో రోబాట్ జోన్స్ అనే మరపిల్లవాడు మనుషుల బడికి వెళ్తాడు. మొదటి విడతలో వాడి మాటలను కంప్యూటరు చేత చదివించారు, రెండో విడతకు ఒక కుర్రవాడి గొంతు పెట్టారు. మొదటిదే సరైనదని నా అభిప్రాయం. ఎత్తుపల్లాల్లేని ఆ గొంతులో వాడు సిగ్గుపడుతున్నాడని, భయపడుతున్నాడని వినేవాళ్లం మనమే పోల్చుకోవాలి. పోల్చుకున్న క్షణంలో వాడు మనవాడైపోతాడు.

మరపిల్లవాడికి మన వైపు గొంతు వెతకాలంటే నేను జముకు అనే తీగవాద్యం దగ్గరకు వెళ్తాను. జముకుల కథలో వంతగాడు తీగ మీటుతూనే దాన్ని బిగించి వదులుతుంటే స్వరం జారుతుంది, లేస్తుంది, అడుగుతుంది, ఊ కొడుతుంది. మాట లేదు, మాట్లాడుతున్నట్టే ఉంటుంది. శ్రీకాకుళం పల్లెల్లో రాత్రంతా ఆ తీగతో మాట్లాడించిన కళాకారులుండగా మరమనిషి గొంతు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

ఇక మూడో గడి, మాతృభాష. బడి కథకు అసలు విలువ ఇక్కడుంది. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ పద్యాల్లో మాట్లాడుకుంటుంటే మధ్యలో హాస్యపాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరి మాట మాట్లాడతారు. పెద్దల సభలో వాళ్లు బయటివాళ్లు. బయటివాళ్లు కనకనే ఎవరూ అడగనిది అడుగుతారు. తరగతిలో మరపిల్లవాడిదీ అదే చోటు. గంట కొట్టగానే అందరూ ఎందుకు లేచారు, తప్పు చెప్పినవాణ్ని చూసి ఎందుకు నవ్వారు, వెనక బెంచీ ఎవరిది? వాడికివి తెలియవు. వాడికి చెప్పబోయి బడి తన అలవాట్లను తానే మొదటిసారి వింటుంది.

భాష తెలియని బడిలోకి పిల్లలు రావడం మా కొండ వైపు కల్పన కాదు. వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ కొండల మీది సవరలను చూశారు. పిల్లలకు మన భాష రాదని ఆయన అనలేదు, తానే వాళ్ల భాష నేర్చుకున్నారు. వాళ్ల మాటలతోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు, 1931లో ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం అచ్చయింది. ఆ పిల్లలను మరబొమ్మతో పోల్చడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. నేను పోల్చేది బడిని. కొత్తగా వచ్చినవాడు బడికి తగ్గట్టు మారాలా, బడి కాస్త జరిగి చోటివ్వాలా అన్నది తెజుకా కథలో ఉన్న ప్రశ్న. గిడుగు దానికి అంతకు ముందే, ఇక్కడే, తన జీతంలోంచి జవాబు చెప్పారు. సీతంపేట వైపు బళ్లలో సవర వాచకం పట్టుకున్న పిల్లవాణ్ని చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

పోయిన వేసవిలో మా వీధి పిల్లలు అట్టపెట్టె కత్తిరించి ఒక మరపిల్లవాణ్ని చేశారు. భుజానికీ మోచేతికీ దారపు ముడులు, చేతికి కొబ్బరి ఈనె. పాత పంచె తెర, దాని వెనక ఫోను టార్చి. నలుగురు తోటి పిల్లల బొమ్మలను గుండుసూదులతో పంచెకు గుచ్చేశారు. ఎవరూ చెప్పకుండానే! హాజరు పిలిచే ఘట్టం. మరపిల్లవాడు ఏమని పలకాలన్న దగ్గర పేచీ వచ్చింది. పెద్దవాడు "ప్రెజెంట్ సార్" అనాలన్నాడు. ఒక చిన్న గుంట ఒప్పుకోలేదు, "వచ్చీసినాను మేస్టారూ" అనాలంది. రెండూ ఆడి చూశారు. మొదటిసారి అందరూ ఊరికే చూశారు. రెండోసారి అట్ట చెయ్యి మెల్లగా పైకి లేచి ఆ మాట వినపడగానే, తెరకు ఇవతల పీట మీద కూర్చున్న ముసలమ్మ కాస్త పక్కకు జరిగి అంది:

"రా బాబూ, కూకో."